అటకమీద బిందెలు, ఫోన్లో 11 ప్రేయర్ గ్రూపులు: ఎక్కణ్ణుంచి తగ్గించాలి?

ఒంగోలు టీచరమ్మ (సోమవారం, రాత్రి 10:42)

అందరికీ వందనాలు. నేను ఇక్కడ చదివి పోయేదాన్నే గానీ రాసేది తక్కువ. ఈసారి రాయక తప్పలేదు.

పోయిన నెల వర్షానికి మా వంటింటి అటక కారింది. సామానంతా దించితే గానీ చూడలేనన్నాడు మేస్త్రీ. నేనూ మా అత్తయ్యా మా పాపా కలిసి దించాం. తొమ్మిది స్టీలు బిందెలు, నాలుగు గంగాళాలు, పద్నాలుగు టిఫిన్ క్యారియర్లు. డబ్బాలు లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. అన్నిటిమీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. ఒకదానిమీద "గృహప్రవేశ శుభాకాంక్షలతో", ఇంకోదానిమీద "ప్రభువు ప్రేమతో". ఆ పేర్లలో సగం మంది ఎవరో మా ఇద్దరికీ గుర్తు రాలేదు. ఒక క్యారియర్‌కైతే అట్టపెట్టె కూడా విప్పలేదు. మా పెళ్ళయి 19 ఏళ్ళు.

ఆ రాత్రి నడుం పట్టేసి పడుకుని ఫోన్ తీస్తే అదీ అటకలాగే ఉంది. 11 ప్రేయర్ గ్రూపులు. సంఘం గ్రూపు, స్త్రీల సమాజం గ్రూపు, సండే స్కూల్ టీచర్ల గ్రూపు, మా పుట్టింటి ఊరి సంఘం గ్రూపు, తెల్లవారుజాము ప్రార్థన గ్రూపు, అందులోంచి అలిగి బయటికొచ్చినవాళ్ళు పెట్టిన ఇంకో తెల్లవారుజాము ప్రార్థన గ్రూపు... బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఆదివారం సాయంత్రం దాకా గుడిలోనే. ఉపవాస ప్రార్థనకు పరుగెత్తే హడావిడిలో ఉపవాసం ఎలాగూ అయిపోతోంది, ప్రార్థనే కుదరడం లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. నిరుడు మా పాప ఓణీల ఫంక్షన్ చేశాం. కార్డుమీద "కృతజ్ఞతా కూడిక" అనే వేయించాం లెండి. నాలుగు వందల మంది అనుకున్నది ఆరు వందలైంది. నా గాజులూ హారమూ తాకట్టు పెట్టాం, ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. చేసి తీరాలని ఎవరూ మెడమీద కత్తి పెట్టలేదు. చేయకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని చేశాం. ఆ నలుగురి పేర్లే ఇప్పుడు నా అటకమీద ఉన్నాయి.

బతుకు కాస్త తేలిక చేసుకోవాలని ఉంది. మీలో ఎవరైనా ఇలాంటిది చేశారా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు? వాక్యాలు నాకూ తెలుసు, దయచేసి వాక్యం నంబరు పెట్టి వెళ్ళిపోకండి.

కావలి కుర్రాడు (సోమవారం, రాత్రి 10:51)

మత్తయి 6:19-21 అక్కా.

కావలి కుర్రాడు (సోమవారం, రాత్రి 10:52)

సారీ అక్కా, చివరి లైను ఇప్పుడు చదివా.

రాత్రి డ్యూటీ (మంగళవారం, తెల్లవారుజాము 3:15)

నేను నెల్లూరులో నర్సుని అక్కా. నెలలో సగం నైట్లే. మీ గ్రూపుల గోల చదువుతుంటే నన్ను చూసి రాసినట్టుంది.

నేనూ ఎవరు ఏ విన్నపం పెట్టినా దండం పెట్టే బొమ్మ ఒకటి కొట్టి "ప్రార్థిస్తున్నాను" అని పడేసేదాన్ని. ఒకరోజు వార్డులో ఒకావిడకి సెలైన్ మారుస్తున్నా. నా బ్యాడ్జి మీద పేరు చూసి, "మొన్న గ్రూపులో నాకోసం ప్రార్థిస్తున్నానన్నది మీరే కదమ్మా" అంది. ముఖమంతా వెలిగిపోయింది ఆవిడకి. నాకు ఆవిడ పేరు కూడా తెలియదు. కేస్ షీట్ చూసి తెలుసుకున్నా. నాకు ముచ్చెమటలు పోశాయి.

అప్పట్నుంచి ప్రార్థన చేయకుండా ఆ బొమ్మ పెట్టడం మానేశా. యూనిఫాం జేబులో చిన్న చీటీ, దాంట్లో మూడు పేర్లు. షిఫ్టుకి మూడే. మెట్లెక్కేటప్పుడు ఒకరు, టీ దగ్గర ఒకరు, తెల్లారి బస్సులో ఒకరు. మిగతావాళ్ళని దేవుడు చూసుకోగలడు అని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, నవ్వకండి. రెండు గ్రూపులు ఉంచి మిగతావి ఆర్కైవ్‌లో పడేశా. బయటికి మాత్రం రాలేదు. వస్తే "సిస్టర్ వెనక్కి జారిపోయింది" అని దానికో ప్రార్థన విన్నపం పెడతారు.

అన్నట్టు, ఎవరో ఒకరు లూకా 10 తీసి, యేసు ఇంటికొస్తే వంటపనిలో పడ్డ మార్త, ఆయన పాదాల దగ్గర కూర్చున్న మరియల కథ చెప్తారు చూడండి. మార్తలా ఉండొద్దని ప్రసంగం చేసిన అయ్యగారికి ఆ మధ్యాహ్నం భోజనం వడ్డించేదీ మార్తలే.

కందుకూరు కోడలు (మంగళవారం, ఉదయం 9:20)

ఆ చివరి మాటకి నూటికి నూరు మార్కులు.

పొదిలి శనగలు (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

అందరికీ వందనాలు. నేను రైతుని, పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే సర్దుకోండి.

లేవీయకాండం 19లో పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదవాళ్ళకీ పరదేశులకీ వదిలేయాలని ఉంది కదా. బోయజు పొలంలో రూతు ఏరుకున్నది అదే పరిగె. మా చిన్నప్పుడు కోతలయ్యాక పరిగె ఏరుకునే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మా అమ్మ కూడా పోయింది. సాయంత్రానికి కొంగులో ఒక మానెడు తెచ్చేది. ఇప్పుడు మిషను దిగితే గట్టుకి ఆనుకుని కోసేస్తది. ఓరా లేదు, పరిగే లేదు, ఉన్నదంతా ట్రాక్టర్లోకే.

టీచరమ్మ గారి వారం చదివితే నాకు అదే గుర్తొచ్చింది. ఆమె వారానికి మిషను కోత పడింది. గట్టు దాకా కోసేస్తే, ఎవరన్నా వచ్చి అమ్మా కాసేపు కూర్చుందాం అంటే వాళ్ళకి ఇవ్వడానికి రాలిన గింజ కూడా ఉండదు. ఆమె ఒక్కరనే కాదు, మాదీ అదే కథ.

నాదొక సందేహం కూడా ఉంది. మా శనగలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రెండో ఏడు నడుస్తోంది. రేటు లేదు. మొన్న ఆదివారం లూకా 12లో, కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తానన్న ధనవంతుడి మీద వాక్యం చెప్పారు. నేను తలొంచుకుని కూర్చున్నా. ఆ ధనవంతుణ్ణి నేనేనా అని.

కందుకూరు కోడలు (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

లేదన్నా. ఆయన తిని తాగి సుఖపడదాం అనుకున్నాడు. మీరు అద్దె కట్టుకుంటూ రేటు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన వేరు, మీరు వేరు.

తాత మాట (మంగళవారం, రాత్రి 8:48)

నేను కాస్త కటువుగా రాస్తా, ఏమీ అనుకోవద్దు. ఈ "తక్కువతో బతుకుదాం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తక్కువతో బతకడం ఎవరికి సరదా? ఎక్కువ ఉన్నోళ్ళకి.

మాది కనిగిరి వైపు ఒక పల్లె. మా నాయనమ్మ పెద్దోళ్ళ బావి దగ్గరికి పోతే తోడుకోనిచ్చేవాళ్ళు కాదు. దూరంగా నిలబడాలి. ఎవరికన్నా దయ పుట్టి పోస్తే బిందెలోకి, దాహమైతే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. తగలకుండా. ఆ పోసేటప్పుడు మోచేతులమీదుగా కారి రవిక తడిసేదని చెప్పేది. అది చెప్పేటప్పుడు ఇప్పటికీ తడిసినట్టే చేతులు దులుపుకునేది. ఆమె జీవితంలో మొదటి కొత్త బిందె మా నాన్నకి ఉద్యోగం వచ్చాక. ఇత్తడిది. దానిమీద తన పేరు కొట్టించమంది. చదువు రాదు ఆమెకి, ఆ అక్షరాలు వేలితో తడుముకునేది.

అన్నవస్త్రాలుంటే చాలు, తృప్తిపడదాం అని తిమోతికి రాశాడు పౌలు. మా తాతకి ఆ రెండూ లేవు. అందుకని మన ఇళ్ళల్లో బీరువా నిండా చీరలున్నా అటక నిండా గిన్నెలున్నా దానికి కక్కుర్తి అని పేరు పెట్టొద్దు. ఆరు వందల మందికి అన్నం పెట్టడం కూడా అంతే. మన పెద్దోళ్ళని పంక్తిలో కూర్చోనివ్వలేదు, మనమే పంక్తి వేస్తున్నాం. ఆ సంగతి తెలియకుండా వీడియోలు చూసి ఖాళీ చేసుకోండి అంటే ఎట్టా?

ఒంగోలు టీచరమ్మ (మంగళవారం, రాత్రి 9:30)

అన్నా, నేను కక్కుర్తి అనలేదు. కానీ మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. రేపు రాస్తాను.

సంగం టు బెంగళూరు (బుధవారం, ఉదయం 7:10)

వీడియోలు చూసి ఖాళీ చేసుకున్న బ్యాచ్‌లో నేనొకణ్ణి, ఒప్పుకుంటున్నా. మూడు సంచుల బట్టలు తీసేసి, ఆ ఖాళీ చోట అందంగా ఉంటుందని చెక్క అల్మరా ఆన్‌లైన్లో కొన్నా. ఈఎంఐ మీద. సామాను తగ్గించడానికి సామాను కొన్నానన్నమాట.

తర్వాత మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గురించి చదివాక కాస్త బుద్ధి వచ్చింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చినా 28తోనే బతికి 32 ఇచ్చాడు. నాకు ఇంక్రిమెంట్ వచ్చిన ప్రతిసారీ 28 కూడా పెరిగిపోతోంది, అదీ నా బాధ. మార్చి జీతం ఎంతో అదే నా 28 అని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నా. ఇప్పటికి రెండు సార్లు దాటా.

తాత మాట (బుధవారం, ఉదయం 7:40)

నిజం చెప్పావు తమ్ముడూ. ఆ అల్మరా మాత్రం ఎవరికన్నా ఇచ్చేయకు, ఈఎంఐ అయ్యేదాకా.

తెల్లచీర (బుధవారం, మధ్యాహ్నం 12:15)

మాది పెంతెకొస్తు సంఘం, గూడూరు. మాలో బాప్తిస్మం తీసుకోగానే నగలు తీసేస్తాం, తెల్లచీరే కట్టుకుంటాం. బయటివాళ్ళు మమ్మల్ని చూసి ఎంత నిరాడంబరమో అనుకుంటారు. చెప్తా వినండి. మా సంఘంలో ఇప్పుడు తెల్లచీరల్లోనే పోటీ. ఒకావిడ పన్నెండు వేల తెల్లచీర కట్టుకొచ్చింది. అంచు కూడా తెలుపే, దగ్గరికొచ్చి చూస్తే గానీ పని తెలియదు. దగ్గరికి వెళ్ళి చూశాను కాబట్టే చెప్తున్నా. చూసి, ఎక్కడ కొన్నారని అడిగాను కూడా.

తీసేసినదాని స్థానంలోకి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. అంతే నాకు తెలిసింది.

వాక్యవీరుడు (బుధవారం, మధ్యాహ్నం 12:40)

అసలు దశమభాగం సరిగ్గా ఇస్తే ఈ బాధలేవీ ఉండవు. మలాకీ 3:10.

కావలి కుర్రాడు (బుధవారం, మధ్యాహ్నం 12:44)

అన్నా, నంబరు పెట్టొద్దన్నారు.

నిర్వాహకుడు (బుధవారం, మధ్యాహ్నం 2:00)

దశమభాగం మీద ఇప్పటికే ఒక చర్చ ఉంది, అది 140 పేజీలు దాటింది. దయచేసి దాన్ని ఇక్కడికి తేకండి. కింద వచ్చిన తొమ్మిది వ్యాఖ్యలు తీసేశాను.

గుండ్లకమ్మ గట్టు (బుధవారం, రాత్రి 9:05)

రిటైరైన మాస్టారిని. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మన సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ 2,222 అనే అంకె చెప్తారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. నిజమే. కానీ దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. 1876-78 కరువు. జనం ఆకులూ దుంపలూ తింటున్నారు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించి కూలి ఇప్పించాడు. ఆ పనిచోటే జనం వచ్చి, మాకు బాప్తిస్మం ఇవ్వండి అని బతిమాలారు. మిషనరీ అన్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపేశాడు. అన్నం కోసం అడుగుతున్నారో ప్రభువు కోసం అడుగుతున్నారో ఆ ఆకలిలో వాళ్ళకే తెలియదు గదా. కరువు తగ్గి, కూలి డబ్బుల పని అయిపోయి, ఇక ఆయన దగ్గర దొరికేదేమీ లేదని తెలిశాక కూడా వచ్చి అడిగారు. అప్పుడు ఒప్పుకున్నాడు.

నేను దీన్ని ఇంట్లో ఎలా వాడుకుంటానంటే, ఏదన్నా కొనాలనిపించినప్పుడు గోడ క్యాలెండర్‌లో ఆ నెల కాగితం వెనక పెన్సిలుతో రాస్తాను. కొనను. నెల తిరిగి కాగితం చింపేటప్పుడు చూస్తాను. ఆకలి తీరాక కూడా అడుగుతుంటే కొంటాను. కూడికలు కూడా అంతే. "అన్నా, మీరు తప్పకుండా రావాలి" అంటే వెంటనే ఊఁ అనను, రేపు చెప్తానంటాను. నాకు దీనివల్ల పొగరుబోతు మాస్టారని పేరొచ్చింది. కిందటి నెల కాగితం వెనక మిక్సీ, కళ్ళద్దాల ఫ్రేము, మోకాలి బెల్టు అని మూడున్నాయి. బెల్టు ఒక్కటే కొన్నాను.

తాత మాట బాబూ, నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆ బిందెలో నీళ్ళు నేనూ తాగినవాణ్ణే. ఒక్కటే అడుగుతాను. నాయనమ్మ ఒక్క బిందెని వేలితో తడుముకుంది. అటకమీద తొమ్మిది ఉంటే తడిమేదెవరు?

తాత మాట (బుధవారం, రాత్రి 9:50)

మాస్టారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి. తగ్గించుకోవడం మనం మనకి చెప్పుకోవాలి, ఎదుటోడికి చెప్పకూడదు. ముఖ్యంగా స్టేజీమీద నుంచి, ఏసీ కారులో దిగి.

గుండ్లకమ్మ గట్టు (బుధవారం, రాత్రి 9:58)

దానికి ఆమెన్.

కందుకూరు కోడలు (గురువారం, ఉదయం 10:30)

నా బాధ వేరే. నేను తగ్గిద్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. కిందటి క్రిస్మస్‌కి ఈసారి అందరికీ ఒక్క జతే, మిగిలిన డబ్బుతో చీటీ బాకీ తీరుద్దాం అన్నా. మా ఆయన సరే అన్నాడు. మా మామయ్య మాత్రం రాత్రి ఏడున్నరకి బజారుకెళ్ళి, పిల్లలకి రెండో జతా, ఇంటిమీదకి ఇంకో పెద్ద స్టారూ తెచ్చాడు. పాత స్టార్ బాగానే వెలుగుతోంది. ఏంది మామయ్యా అంటే, "పక్కింటోళ్ళది మనకంటే పైకి కనపడతంది" అన్నాడు. ఏం చెప్తాం. రెండూ కలిసి వెలిగాయి జనవరి దాకా.

నేను నా ఒక్కదాని వరకే చేసుకున్నా. మా అమ్మ అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది, నెలాఖరుకి గుడికి. నేనూ ఇప్పుడు వేస్తున్నా. పెద్ద పనేమీ కాదు. కానీ రోజుకి రెండుసార్లు చెయ్యి ఆగుతుంది. ఆ ఆగిన క్షణం నాది. ఫోన్ మోగినా తీయను. ఒకరోజు మర్చిపోయి, గంజి వార్చాక గుర్తొచ్చింది. అన్నమే ఒక గిన్నెలో పెట్టి పక్కసందులో ముసలామెకి ఇచ్చొచ్చా. ఆమె గిన్నె తిరిగివ్వలేదు, అదీ ఒక సామాను తగ్గినట్టే.

రాత్రి డ్యూటీ (గురువారం, సాయంత్రం 6:02)

రెండూ కలిసి వెలిగాయి! డ్యూటీకి వెళ్తూ బస్సులో పైకే నవ్వేశా, పక్కనావిడ చూస్తోంది.

పొదిలి శనగలు (గురువారం, రాత్రి 8:20)

మాస్టారు గారూ, ఇకనుంచి నేను కూడా రేపు చెప్తా అంటాను. కాకపోతే మా ఊళ్ళో రేపు చెప్తా అంటే రానని అర్థం.

ఒంగోలు టీచరమ్మ (మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:15)

వందనాలు. ఆలస్యమైంది, స్కూల్లో పరీక్షలు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

గంగాళాలు ముందు గుడికి ఇద్దామనుకున్నాం. ఆటోలో వేసుకుని వెళ్తే అయ్యగారు మొహమాటంగా నవ్వి వంటషెడ్డు తలుపు తీసి చూపించారు. అక్కడ మావి లాంటివి ఏడున్నాయి, అన్నిటిమీదా పేర్లే. గుడికీ ఒక అటక ఉంది. మళ్ళీ అదే ఆటోలో వెనక్కి. ఆటో అబ్బాయి అటూ ఇటూ రెండు ఛార్జీలు తీసుకున్నాడు. చివరికి రెండు, మా స్కూల్ దగ్గర మధ్యాహ్న భోజనం వండే ఆమె తీసుకుంది. ఆవిడ కూతురి పెళ్ళి ఉందట. ఇంకో రెండూ ఆరు బిందెలూ పాత్రల షాపులో వేసేశాం. గ్రైండర్ తీసుకోండి మేడం, మార్పిడికి మంచి రేటిస్తా అన్నాడు. తీసుకోలేదు. తీసుకునేదాన్నే, మా పాప చెయ్యి గిల్లింది.

మిగిలిన మూడు బిందెల్లో ఒకదాన్ని మా అత్తయ్య పట్టుకుని కూర్చుంది. దానిమీద వాళ్ళమ్మ పేరుంది. తాత మాట అన్న రాసింది చదివిన రోజు ఆవిడ లోపలికెళ్ళింది అందుకేనట. ఆ బిందె ఇప్పుడు అటకమీద లేదు, వంటింట్లో నీళ్ళకి వాడుతున్నాం. కుళాయి ఉన్నా సరే. చింతపండుతో తోమితే పేరు బాగా కనపడుతోంది. మిగతా రెండూ "ఉండనీలే అమ్మాయ్" అంది. ఉన్నాయి.

గ్రూపులు నాలుగుకి వచ్చాయి. చీటీలో మూడు పేర్లు పెడుతున్నాను, జేబు లేదు కాబట్టి హాజరు పట్టీలో.

బుధవారం కూడిక మానేసి ఓర వదిలాను, శనగల అన్న చెప్పినట్టు. మొదటి బుధవారం ఏం చేయాలో తోచలేదు. ఏదో తప్పు చేసినట్టు గుండె దడదడ. చిక్కుడుకాయలు ముందేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. మా పాప వచ్చి పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. తీస్తూ తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. ఓణీల ఫంక్షన్ రోజు స్టేజీమీద నాలుగు గంటలు కూర్చుని, బాత్రూంకి వెళ్ళాలని చెప్పడానికి ఎవరూ దొరకక ఏడుపొచ్చిందట. ఫోటోల్లో కళ్ళు ఎర్రగా ఉంటే నేనేమో ఆనందబాష్పాలనుకుని అందరికీ చూపించాను. ఏడాది తర్వాత చెప్పింది, చిక్కుడుకాయల దగ్గర.

రెండో బుధవారం పక్కవీధి అక్క ఇంటికొచ్చి ఏమైంది, అయ్యగారి మీద కోపమా అని అడిగితే తట్టుకోలేక కూడికకి వెళ్ళిపోయాను. మొన్నటి బుధవారం మళ్ళీ వెళ్ళలేదు. చూడాలి.

బంగారం మాత్రం బ్యాంకులోనే ఉంది. ఇంకా ఏడు నెలలు కట్టాలి.

తాత మాట (ఆదివారం, సాయంత్రం 5:40)

చింతపండుతో పాటు కాస్త ముగ్గు కలపమనండి టీచరమ్మా, మా నాయనమ్మ అట్టాగే తోమేది.

కావలి కుర్రాడు (ఆదివారం, సాయంత్రం 6:11)

అక్కా, ఆ టిఫిన్ క్యారియర్లు ఉన్నాయా, ఇచ్చేశారా? రూములో ముగ్గురం ఉంటున్నాం, హోటల్ నుంచి కవర్లలో సాంబారు తెచ్చుకుంటున్నాం. పేర్లున్నా పర్లేదు. మొన్న ఒక కవరు పగిలి బైబిల్ మీద పడింది.

ఒంగోలు టీచరమ్మ (ఆదివారం, సాయంత్రం 6:13)

పన్నెండున్నాయి తమ్ముడూ. శనివారం కావలి మీదుగా వెళ్తున్నాం, స్టేషన్ దగ్గరికి రా. మూడు కాదు, నాలుగు తీసుకో.